యాయా వాళ్ల సున్నపు ఊరు

మా అబ్బాయి మెల్‌బోర్న్ శివార్లలో, ట్రుగనీనాలో కొత్తిల్లు కట్టుకున్నాడు. గోడలన్నీ బూడిదరంగే. హాల్లో ఒక్క గోడ మాత్రం వేరేగా ఉండాలిట. దానికోసం ఎవరో పనివాణ్ణి పిలిపించి సున్నం కొట్టిస్తున్నాడు. "ఇదేం సోకురా, గొడ్లసావిడికి కొట్టినట్టు?" అన్నాను. "మమ్, ఇట్స్ లైమ్‌వాష్. ఎవ్రీబడీస్ డూయింగ్ ఇట్," అన్నాడు. వాడికి తెలుగంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క ఊడిపడదు. నీ ఇల్లు నీ ఇష్టం నాయనా అని నేను పక్కకి తప్పుకోబోతుంటే, ఆ పనివాడు బకెట్టు మూత తీశాడు.

తడిసున్నం వాసన ఒక్కసారిగా ఇల్లంతా పరుచుకుంది. చల్లగా, కాస్త ఘాటుగా, గొంతులో పట్టుకునే వాసన. వంటింట్లోకి వెళ్లి స్టూలు మీద కూలబడ్డాను. "యూ ఓకే, మమ్?" అని వెనకాలే వచ్చాడు. "బానే ఉన్నాన్రా, నువ్వెళ్లి నీ గోడ చూసుకో," అన్నాను. బాగా లేను. ఆ వాసన తగిలితే నాకు ఎక్కడో గ్రీసు దేశపు కొండ మీదున్న ఒక తెల్లటి ఊరు కళ్లముందుకొస్తుంది. దాంతోపాటు తెల్లగుడ్డ మీద పరిచిన ఎముకలు కూడా వస్తాయి. కొత్తింట్లో కూచుని ఎముకల మాట ఎలా ఎత్తను?

అప్పుడు నాకు పదకొండేళ్లుంటాయేమో. మెల్‌బోర్న్‌లో మేం అద్దెకున్న ఇంటి పక్కన ఒక గ్రీకు ముసలావిడ ఉండేది. వాళ్ల భాషలో యాయా అంటే మామ్మ. మనవలు అలా పిలిచేవారు కాబట్టి వీధిలో పిల్లలందరికీ ఆవిడ యాయాయే. మా అమ్మ ఆస్పత్రిలో డాక్టరు, నాన్న ఇంజనీరు. బడి వదిలాక అమ్మ వచ్చేదాకా నేను యాయా ఇంట్లోనే పడి ఉండేదాన్ని. ఆలివ్ నూనెలో తేలుతుండే చిక్కుళ్లు, నిమ్మకాయ పిండిన ఉడకబెట్టిన ఆకుకూర, పైన గట్టి బ్రెడ్డు ముక్క. తినకపోతే ఊరుకునేది కాదు. తినీ తినీ నాకు వాళ్ల భాష కూడా వంటబట్టింది. అమ్మకి మాత్రం గ్రీకు రాదు. యాయా ఇంగ్లీషేమో అంతంత మాత్రం. అయినా ఇద్దరూ కంచెకి అటూ ఇటూ నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం అర్థమయ్యేదో ఆ పరమాత్ముడికే తెలియాలి.

ఒకరోజు అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి యాయా కంచె పట్టుకుని ఏడుస్తోంది. గ్రీసులో వాళ్లమ్మ సమాధి తవ్వబోతున్నారట. వాళ్ల ఊళ్లో శ్మశానం చిన్నది. మనిషిని పూడ్చిన కొన్నేళ్లకి మళ్లీ తవ్వి, ఎముకలు పైకి తీసి, నీళ్లతో, ద్రాక్షసారాతో కడిగి, ఎండబెట్టి, పెట్టెలో పెట్టి గుడి పక్కనున్న గదిలో దాస్తారు. ఆ కడిగే పని ఆడవాళ్లది, అందులోనూ కూతుళ్లది.

"ఐ నో గో వెన్ షీ సిక్," అంది యాయా. "ఐ నో గో వెన్ షీ డై. నౌ ఐ వాష్." అని రెండు చేతులూ చాపి చూపించింది. తల్లి మంచాన పడ్డప్పుడు వెళ్లలేదు, పోయినప్పుడూ వెళ్లలేదు. ఇప్పుడు తన చేతులతో ఆ ఎముకలు కడిగితే తప్ప తనకి నిద్ర పట్టదంది. కానీ ఊళ్లో తల్లికి ఆఖరిదాకా సేవ చేసింది చెల్లెలు. ఆవిడ కబురు పెట్టింది కదా: "వస్తే రా, చూడు. ముట్టుకోవడానికి మాత్రం వీల్లేదు. అన్నం పెట్టిన చేతులే కడుగుతాయి."

యాయా కొడుక్కి ఫిష్ అండ్ చిప్స్ కొట్టు వదిలి కదలడానికి లేదు. యాయాకి ఎయిర్‌పోర్టులో బోర్డు చదవడం రాదు. నేను వింటుండగానే మా అమ్మ, "నేను తీసుకెళ్తాను ఆంటీ. అటునుంచి అటే ఇండియా వెళ్తాం," అనేసింది. రాత్రి అన్నాల దగ్గర నాన్న, "నీకేమన్నా మతిపోయిందా? ఎవరి ఎముకలో కడగడానికి నువ్వెళ్లడమేవిటి?" అన్నారు. "సెలవు పెట్టేశానండీ," అంది అమ్మ, ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ. ఆ మాటతో అయిపోయింది.

అమ్మ ఎందుకు వెళ్తానందో నాన్నకి తెలుసు, నాకూ కొంచెం తెలుసు. మేం ఆస్ట్రేలియా వచ్చిన రెండో ఏడు మా అమ్మమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది. అమ్మకి అప్పుడు ఏవో డాక్టరు పరీక్షలు. ఆ టెలిగ్రాం చదివి, మడిచి, బాత్రూంలోకెళ్లి షవరు కింద నిలబడి తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. అమ్మమ్మ పుణ్యస్త్రీగా పోయింది. వీధిలో ముత్తయిదువలంతా వచ్చి ఒంటినిండా పసుపు రాసి సాగనంపారని మావయ్య ఉత్తరంలో రాశాడు. ఆ మాట అమ్మ నాకు చెప్పలేదు. నేనే చాటుగా విన్నాను, నాన్నకి చదివి వినిపిస్తుంటే.

ఊరికి చేరడానికి విమానాలు, ఓడ, బస్సు అన్నీ ఎక్కాం. బస్సు కొండ కింద దింపేసింది. పైకి మెట్లే. చూద్దును కదా, ఊరు ఊరంతా తెలుపు. గోడలు, మెట్లు, నూతి గట్టు, ఆఖరికి చెట్ల మొదళ్లు కూడా నడుం ఎత్తుదాకా తెల్లగా ఉన్నాయి. దారిలో పరిచిన రాళ్ల చుట్టూ కూడా సున్నంతో గీతలు గీశారు. "ఊరంతా ముగ్గేశారే!" అంది అమ్మ, మెట్టు మీద ఆగి ఆయాసపడుతూ. వాళ్ల పెద్ద పండగ దగ్గర్లో ఉంది. ఏ సందులో చూసినా నల్లబట్టల ఆడవాళ్లు వంగి, పొడుగాటి కుంచెలతో మెట్లకి సున్నం పూస్తున్నారు. గాలంతా అదే వాసన.

కాసేపటికి గానీ నాకు తెలియలేదు, సగం ఇళ్లకి తాళాలున్నాయని. తాళాలేసిన ఇళ్ల గుమ్మాలకి కూడా సున్నం తళతళలాడుతోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లే వేస్తారట, ఊరు చచ్చిపోయినట్టు కనిపించకూడదని. యాయా ఒక్కో తలుపూ తడుముతూ, "వీళ్లు కోబర్గ్‌లో, వీళ్లు ఓక్లీలో, వీళ్లు మన చర్చి వెనకాల," అని మెల్‌బోర్న్‌లో ఇప్పుడు ఎవరెక్కడుంటున్నారో చెప్పుకుంటూ వచ్చింది. వాళ్లలో కొందరిని నేనెరుగుదును. కోబర్గ్‌లో మాకు చీజ్ అమ్మే ఆయన ఇల్లు ఇక్కడ ఖాళీగా, తెల్లగా, కిటికీలు మూసుకుని నిలబడి ఉంది. అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

యాయా చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది. అచ్చం యాయా మొహమే, కానీ ఎండిపోయి ఉంది. నేను ఆవిణ్ణి చిన్న యాయా అనేదాన్ని. అక్కని కౌగిలించుకోలేదు. మా అమ్మని మాత్రం బుగ్గల మీద ముద్దుపెట్టుకుంది, నన్ను లోపలికి లాక్కుపోయింది. బల్ల దగ్గర ఎదురెదురుగా కూచున్నా కూడా అక్కతో నేరుగా మాట్లాడేది కాదు. "ఆవిడకి ఉప్పు కావాలేమో అడుగు," అనేది నాతో. "వద్దని చెప్పు," అనేది యాయా. ఇద్దరి మధ్యా నేను వాళ్ల భాషలోంచి వాళ్ల భాషలోకే మాటలు మోసేదాన్ని. నాకు భలే సరదాగా ఉండేది. అమ్మ మాత్రం బల్ల కింద నాకు తొడపాశం పెట్టేది, నవ్వకని.

తిండికి ఏమీ ఇబ్బంది కాలేదు. పండగ ముందు ఉపవాసాలట, మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టరు. అమ్మకి ప్రాణం లేచొచ్చింది. శనగలు, పప్పుచారు లాంటిదొకటి, కొండ మీద కోసుకొచ్చిన చేదాకు కూరలు. అమ్మ సంచీలోంచి ఆవకాయ తీసి పెడితే చిన్న యాయా ఓ ముక్క నోట్లో వేసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని, ఇంకో ముక్క అడిగింది. ఆ ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడే.

మధ్యాహ్నం ఊరంతా పడుకునేది. నేను ఒక్కర్తినీ సందుల్లో తిరిగేదాన్ని. ఎండకి ఆ తెలుపు కళ్లు పొడిచేది. ఎక్కడా చప్పుడుండేది కాదు. ఒక కిటికీ వెనక నుంచి ఓ ముసలావిడ, "ఎవరి పిల్లవే?" అంది. యాయా పేరు చెప్పాను. నా నల్లమొహం, రెండు జడలు కాసేపు చూసి, ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా, "మీ ముసలమ్మని రేపు లేపుతున్నారట కదా. కోపంగా లేస్తుందో ఏమో," అంది. నిద్రపోతున్న మనిషి గురించి అన్నట్టే అంది. నేను పరుగున ఇంటికొచ్చి పడ్డాను.

చిన్న యాయా వంటింట్లో గోధుమలు ఉడకబెడుతోంది. పోయినవాళ్ల కోసం గోధుమలు ఉడికించి, పంచదార, దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష కలిపి పళ్లెంలో పరుస్తారు. నాకు మహా రుచిగా ఉండి, ఎవరూ చూడకుండా ఓ గుప్పెడు నోట్లో కుక్కుకున్నాను. అమ్మ చూడనే చూసింది. "ఓసి నీ మొహం మండా! అది పోయినవాళ్లకి పెట్టే పిండంలాంటిదే! ఉమ్మెయ్!" అంది. ఉమ్మలేదు, మింగేశాను. చిన్న యాయాకి విషయం చెబితే, "తిననీ. పిల్లలు తింటే మా అమ్మకి ఇష్టం," అంది.

ఆ తర్వాత గరిటె తిప్పుతూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. ఎముకలు శుభ్రంగా, మైనం రంగులో వస్తే ఆత్మ శాంతించినట్టు. నల్లగా, మురికిగా వస్తే లోపల కోపం మిగిలిపోయినట్టు. "అమ్మ ఆఖర్న మంచం కిటికీ వైపు తిప్పమంది. కింద రోడ్డు కనబడేలా. బస్సు వచ్చినప్పుడల్లా తల ఎత్తేది," అంది. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. యాయా గుమ్మంలో నిలబడి అంతా విని, శాలువా తల మీదికి లాక్కుని బయటికి వెళ్లిపోయింది. అమ్మ కూడా ఏమీ తినకుండా లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే శ్మశానానికి వెళ్లాం. అది ఊరి పైన, కొండ అంచున ఉంది. పండక్కని దాని గోడకి కూడా సున్నం వేస్తున్నారు, సగంలో ఆపి ఉంది. గడ్డం పూజారి ఏవో చదివాడు. ఇద్దరు మగవాళ్లు తవ్వారు. కొంత లోతు వెళ్లాక పారలు పక్కన పెట్టి తప్పుకున్నారు. చిన్న యాయా గుంటలోకి దిగి చేతులతోనే మట్టి తీసింది. ముందు పుర్రె పైకి వచ్చింది. గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్లంతా ఒక్కసారిగా, "రా తల్లీ, రా! బాగా వచ్చావు!" అని పలకరించారు. చుట్టాలు బండి దిగినప్పుడు పలకరిస్తామే, అలాగే. నాకు భయం పోయి ఏడుపొచ్చింది.

ఎముకలు నల్లగా లేవు, తెల్లగానూ లేవు. మట్టి రంగులో ఉన్నాయి. తెల్లగుడ్డ పరిచి అన్నీ దాని మీద పెట్టారు. యాయా గోడకి ఆనుకుని నిలబడింది. ఒక అడుగు ముందుకు వేసిందో లేదో, చిన్న యాయా తల ఎత్తకుండానే, "అక్కడే ఉండమను ఆవిణ్ణి," అంది నాతో. నేను చెప్పక్కర్లేకపోయింది. యాయా చాపిన చేతులు వెనక్కి తీసుకుంది.

తెచ్చిన నీళ్లు మట్టి వదిలించడానికే సరిపోయాయి. అమ్మ చప్పున గోడ పక్కనున్న రేకు బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. నింపుకొచ్చి చిన్న యాయా ముందున్న పళ్లెంలో పోసింది. పోసి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, ప్రయాణాల్లో ఎప్పుడూ వెంట ఉండే పసుపు పొట్లం విప్పి, ఓ చిటికెడు ఆ నీళ్లలో వేసింది. ఆ పోయిన ముసలమ్మ మొగుడు పోయాక ఎన్నో ఏళ్లు నల్లబట్టల్లో బతికిన మనిషి. ఆ పసుపు ఆవిడ కోసం కాదని నాకు అప్పుడు తెలియలేదు.

నీళ్లు ఎర్రబడ్డాయి.

కాస్త రంగు మారడం కాదు. చిక్కగా, నెత్తురులా. చిన్న యాయా ఒళ్లో పుర్రె పెట్టుకుని చెయ్యి ముంచబోయి ఆగిపోయింది. ఆడవాళ్లు "రక్తం! రక్తం!" అంటూ గుండెల మీద శిలువ గుర్తులు వేసుకుని వెనక్కి జరిగారు. పూజారి పుస్తకం మూసేశాడు. యాయా గోడ పక్కనే కూలబడిపోయింది. "నా మీద కోపం పోలేదు. అమ్మకి నా మీద కోపం పోలేదు," అని నేల మీద చేత్తో కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మా అమ్మ మొహంలో చుక్క నెత్తురు లేదు. మరుక్షణం తేరుకుంది. "అయ్యో, నా మతి మండిపోనూ! సున్నపు బకెట్టే అది! చెప్పవే వాళ్లకి, పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపేగా!" అంది. నేను చెప్పేలోపే అమ్మే గోడ దగ్గరికి వెళ్లి, గోటితో తడిసున్నం గీకి, అరచేతిలో పసుపు వేసి కలిపి, అందరికీ చూపించింది. అరచెయ్యి పారాణి పెట్టినట్టు ఎర్రబడింది. చిన్న యాయా ఆ చెయ్యి పట్టుకుని, వాసన చూసి, గోడ వంక చూసి, "సున్నం," అంది అందరితో. ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

యాయా మాత్రం వినలేదు. "సున్నం ఈ ఊళ్లో నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఇవాళే, నేనొచ్చిన రోజే, ఎందుకు ఎర్రబడాలి?" అంది.

చిన్న యాయా ఆ ఎర్రనీళ్లు పక్కకి పారబోసింది. లేచి వెళ్లి అక్క మణికట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి గుడ్డ మీద కూచోబెట్టింది. ఊరొచ్చాక నేరుగా ఆవిడతో మాట్లాడటం అదే మొదటిసారి. "కోపమే అనుకో. ఉంటుంది. అమ్మ కదా, నీ మీద కాక ఎవరి మీద ఉంటుంది? ముందు కడుగు," అని పుర్రెని యాయా ఒళ్లో పెట్టేసింది.

యాయా కడిగింది. నీళ్లతో, తర్వాత ద్రాక్షసారాతో. నుదుటి మీద వేళ్లతో రుద్దుతూ ఏదో గొణుగుతూనే ఉంది, చంటిదానికి తలంటుతున్నట్టు. నాకు వాళ్ల భాష వచ్చు కానీ ఆ మాటలు అర్థం కాలేదు. మా అమ్మ బకెట్టు పట్టుకుని అలా నిలబడిపోయి ఉంది. కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు. చిన్న యాయా అది చూసింది.

"మీ అమ్మని అడుగు," అంది నాతో. "వాళ్లమ్మ ఎక్కడుంది?"

అడిగాను. "కాల్చేశారు. గోదాట్లో కలిపేశారు," అంది అమ్మ. చెప్పాను.

"అప్పుడు తనెక్కడుంది?"

"నేను లేను," అంది అమ్మ.

చిన్న యాయా కాస్త పక్కకి జరిగి, గుడ్డ మీద చోటు చూపించింది. అమ్మ చెప్పులు విడిచి కూచుంది. చావింటికి వెళ్లొస్తే వాకిట్లోనే స్నానం చేయించి గానీ లోపలికి రానివ్వని మా అమ్మ, ఎవరో పరాయి ముసలమ్మ చేతి ఎముకలు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే కడిగింది. ఆవిడ డాక్టరు. ప్రతి ఎముక పేరూ తెలుసు. ఒక్కదాని పేరూ చెప్పలేదు. "అమ్మా," అంది ఒకసారి, తలుపు బయట నిలబడి పిలిచినట్టు.

దిగి వచ్చేటప్పుడు, "అమ్మా, మనకి మైల కదా?" అన్నాను. "మైలే. ఇవాళ్టికి ఉండనీ," అంది. ఆ రాత్రి అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు. అయినా అది వట్టి సున్నమేనని యాయా నమ్మలేదు. తిరిగొచ్చాక మెల్‌బోర్న్‌లో ఎప్పుడైనా అమ్మ వంటలో పసుపు వేస్తుంటే ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆవిడ ఇక్కడే పోయింది. ఇక్కడి శ్మశానంలో ఎవరూ ఎవర్నీ లేపరు. పచ్చిక కోస్తారంతే.

పెద్దయ్యాక ఒకసారి ఆ ఎర్రనీళ్ల గురించి అమ్మని అడిగాను. "సున్నమేనే. రసాయన శాస్త్రం. నీకూ నాకూ తెలుసు," అంది. మళ్లీ తనే, "కానీ ఆ ఒక్క క్షణం, అమ్మ నన్ను చూసిందనే అనుకున్నాను. యాయాని కాదు, నన్ను," అంది.

పోయినేడు అమ్మ కూడా పుణ్యస్త్రీగానే పోయింది. ఇక్కడే, మా ఇంట్లోనే. ఆఖరి ఊపిరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాను. స్నానం చేయించాను, పసుపు రాశాను, అమ్మకి దక్కనివన్నీ నేను చేసుకున్నాను. మర్నాడు దహనవాటికకి వెళ్తే, ఓ కుర్రాడు ఎంతో మర్యాదగా ఒక పెట్టె చేతిలో పెట్టాడు. తేలిగ్గా ఉంది. తెరిస్తే మెత్తటి పొడి. "ఎముకలేవి బాబూ?" అన్నాను. ఇక్కడ ఎముకలివ్వరట, అన్నీ పొడి చేసే ఇస్తారట. ఒక్క ముక్కయినా మిగల్లేదా అని మళ్లీ అడిగాను. లేదు, సారీ అన్నాడు. అక్కడ ఒక బెంచీ ఉంటే దాని మీద కూచున్నాను. చిటికెన వేలంత ఎముక ఉన్నా చాలు, కడిగి ఉండేదాన్ని. అన్నీ చేసిన చేతులు, అక్కడ ఊరికే ఒళ్లో పడి ఉన్నాయి.